పదిమందిలో దాగిన ఆకలి

మా పిన్ని ఇరవై రెండేళ్ళు కోరస్ పాడింది. మామూలు రోజుల్లో లాండ్రీలో ఇస్త్రీ పని. పిలుపు వస్తే సెలవు పెట్టి రికార్డింగ్ స్టూడియోకి పరుగు. అసలు పాట ఎవరో పాడతారు. పదిమంది ఆడవాళ్ళు ఒకే మైకు చుట్టూ నిలబడి వెనకాల రాగం అందుకుంటారు. ఆ పదిమందిలో పిన్ని ఒకతె. బాబాయిది తాళాలు బాగుచేసే కొట్టు. రేడియోలో ఆ పాట వస్తే చాలు, పని ఆపి, వేలు పైకెత్తి, "అదిగో, అది మీ పిన్ని" అనేవాడు. నాకు పదిమందీ ఒక్కలాగే వినబడేవారు. ఆయన ముచ్చట చెడగొట్టడం ఎందుకని ఊరుకునేదాన్ని.

కోరస్‌వాళ్ళకు ఒక అలవాటుంది. రికార్డింగ్ రోజున పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టరు. రికార్డింగ్ మొదలైందని ఎర్రలైటు వెలిగాక ఒకరు బాత్రూమ్‌కని బయటికి వెళ్తే మిగతా తొమ్మిదిమందీ నోరు మూసుకుని ఆగాలి. తిండీ అంతే. పాట మధ్యలో త్రేన్పు వస్తే పరువు పోతుందని భయం.

నలభై ఎనిమిదో ఏట పిన్నికి నాలుగు లైన్లు ఒంటరిగా పాడే అవకాశం వచ్చింది. అది జోలపాట. కాస్త పండిన గొంతు కావాలన్నారు. సరిగ్గా రాకపోతే మరొకరిని పిలుస్తామని ముందే చెప్పేశారు.

ఇక చూడండి, వీధి వీధంతా వైద్యులే. పెరుగు మానమని ఒకరు, పాలు మానమని ఒకరు, అరటిపండు ఊసే ఎత్తొద్దని ఇంకొకరు. లవంగం బుగ్గన పెట్టుకుని తిరగమని ఎదురింటావిడ. పిన్ని ఎవరికీ కాదని చెప్పలేదు. అన్నీ మానేశాక మిగిలింది పాలు లేని కాఫీ ఒక్కటే.

నాకు ఒళ్ళు మండింది. "గొంతు నీ ఒంట్లో ఉంది పిన్నీ, ఎదురింట్లో కాదు. ఇంత తిను" అన్నాను.

"నీకేం తెలుసే. నువ్వు స్నానం చేస్తూ కూడా పాడవు" అంది.

రికార్డింగ్ రోజు తోడుగా నేనూ వెళ్ళాను. పిన్ని ఒక్కతే మైకు ముందు నిలబడింది. మొదటి లైను ఎత్తుకుందో లేదో, అద్దం వెనక కూర్చున్న సౌండ్ ఇంజనీరు ఆపేశాడు. ఏదో మోటారు శబ్దం వస్తోందన్నాడు. ఏసీ ఆపారు. మళ్ళీ అదే శబ్దం. కుర్చీలు బయట పెట్టించారు, నన్ను చెప్పులు విప్పమన్నారు. అయినా గురగురమంటూనే ఉంది.

పిన్ని తల దించుకుంది. "అది నా కడుపండీ" అంది.

అందరూ నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. ఇరవై రెండేళ్ళుగా ఆ కడుపు అలాగే అరుస్తోంది. పదిమంది గొంతుల కింద ఎవరికీ వినబడలేదు, అంతే.

ఇంజనీరు మాత్రం నవ్వలేదు. బయటికొచ్చి, "నీళ్ళు ఎప్పుడు తాగారమ్మా?" అని అడిగాడు.

"నిన్న మధ్యాహ్నం."

"ఇప్పుడు గడగడా చెంబుడు తాగినా గొంతు వెంటనే తడవదు. నీళ్ళు ముందు ఒంటికి పట్టాలి. నిన్న తాగిన నీళ్ళే ఇవాళ పాడతాయి" అన్నాడు. లోపలికి వెళ్ళి సంగీత దర్శకుడితో ఏదో మాట్లాడి వచ్చాడు. "రేపు పదింటికి రండి. ఇంకో రోజు మాత్రం లేదు."

దారి పొడవునా పిన్ని గుక్కగుక్కగా నీళ్ళు తాగుతూనే ఉంది. రాత్రి ఏడింటికల్లా భోజనం పెట్టాను. వేపుళ్ళు లేవు, మంటెక్కే కారం లేదు. తిన్న వెంటనే పడుకోబోతే లేపి కూర్చోబెట్టాను. మర్నాడు పొద్దున ఎనిమిదింటికి, పాటకి రెండు గంటల ముందు, రెండు రొట్టె ముక్కలు, ఒక గుడ్డు, ఒక అరటిపండు. ఎదురింటావిడ గుమ్మంలోంచి చూస్తోందని తలుపేశాను. కాఫీ ఒక్క కప్పుతో సరిపెట్టాను. దానికే నన్ను కసాయిదానివంది.

స్టూడియోలో పిన్ని మైకు దగ్గర మంచినీళ్ళ సీసా పెట్టుకుంది. "మధ్యలో బాత్రూమ్‌కి వెళ్ళాల్సొస్తే ఆగుతారా అండీ?" అని అడిగింది.

"మీ కోసం కాక ఇంకెవరి కోసం ఆగుతాం?" అన్నాడు ఇంజనీరు.

పిన్ని సీసా ఎత్తి ఒక గుక్క తాగింది. తర్వాత పాడింది. రెండో టేక్ ఓకే అయింది. నేను సంతోషంతో ఏడ్చాను, చెప్పుకోవడానికి సిగ్గు లేదు.

నెల తర్వాత పిన్నీ, నేనూ బాబాయి కొట్లో రేడియో పెట్టుకుని కూర్చున్నాం. జోలపాట మొదలైంది. బాబాయి వేలు ఎత్తలేదు. నాలుగు లైన్లూ అయ్యేదాకా తాళం చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"ఇన్నాళ్ళూ ఊరికే అనేవాణ్ణి. ఆ పదిమందిలో నీ గొంతేదో నాకెప్పుడూ తెలిసేది కాదు" అన్నాడు.

"నాకు తెలుసులే" అంది పిన్ని. "ఆ నీళ్ళ సీసా ఇలా ఇవ్వు. రేపు ఇంకో పాటుంది."