యూల్ పండగలో బూరె పాఠం

నరసరావుపేటలో పంతొమ్మిదేళ్లు సోషల్ పాఠాలు చెప్పిన కృష్ణకుమారి, అమెరికాలోని ఇర్వింగ్ వచ్చాక ఎవరడిగినా "జస్ట్ హౌస్‌వైఫ్" అనేది. ముప్పైమందికి పిండివంటలు ఒంటిచేత్తో చేయగలదు కాబట్టి అపార్ట్‌మెంట్ల పిల్లలందరికీ ఆమె కుకింగ్ ఆంటీ.

2013 డిసెంబరులో, ఆ అపార్ట్‌మెంట్ల ముందు ఆగే స్కూలు బస్సు డ్రైవరు డార్లా ఆమెను ఆపింది. అరవై దాటిన ఈ అమెరికన్ ఆవిడకు దీపావళి మర్నాడు బస్సు మెట్ల దగ్గరే కృష్ణకుమారి నాలుగు బూరెలు పెట్టింది. ఆ రుచి ఆవిడ మరిచిపోలేదు.

"ఈ శనివారం మా యూల్ పండగ. ఏడాదిలో అతి తక్కువ పగలున్న రోజు. సూర్యుడు మళ్లీ పుడతాడని చేసుకుంటాం. పసుపుపచ్చగా, గుండ్రంగా ఏవైనా వండిపెడతావా?"

"మా వంటల్లో సగం అలాంటివే" అంది కృష్ణకుమారి తనకొచ్చిన ఇంగ్లీషులో.

ఇంటికొచ్చి చెబితే భర్త శ్యామ్‌సుందర్ నెట్‌లో వెతికి అదిరిపడ్డాడు.

"కుమారీ! వాళ్లది విక్కా అనే మతమట. మంత్రగత్తెలు!"

"రోజూ అరవైమంది పిల్లల్ని భద్రంగా బడికి చేరుస్తోందండీ ఆవిడ. మంత్రాలేసే తీరిక ఎక్కడిది? ఆ శనగపప్పు ఇటివ్వండి."

శనివారం మధ్యాహ్నం డార్లా ఇంటికి ఆయనే డ్రైవ్ చేశాడు. ట్రేలు దింపి, లోపలికి మాత్రం రానని కార్‌లోనే కూర్చున్నాడు.

నల్ల అంగీలు, పుర్రెలు కనిపిస్తాయేమోనని కృష్ణకుమారికీ లోపల కొంచెం బెరుకుగానే ఉంది. తీరా చూస్తే స్వెటర్లు వేసుకున్న ఇరవైమంది మామూలు మనుషులు. గుమ్మానికి పైన్ కొమ్మలు, కిటికీలో ఎండబెట్టిన నారింజ చక్రాలు. పోయినేడాది పండగకు కాలగా మిగిలిన దుంగ ముక్కను దాచి, దాంతోనే నిప్పుగూట్లో ఈ ఏటి దుంగ అంటించారు. తల్లి దేవత ఈ రోజే సూర్యుణ్ణి కంటుందని డార్లా కథ చెప్పింది.

డార్లా మనవరాలు మేసీకి ఏడేళ్లు. "మరి రేపటి నుంచి పగలు ఎలా పెరుగుతుంది? ఎవరు పెంచుతారు?" అంది.

ఖాళీ ట్రేలతో వెళ్లిపోబోతున్న కృష్ణకుమారి ఆగిపోయింది. బల్ల మీద కొవ్వొత్తిని మధ్యకు జరిపింది. ఒక బూరెకు పుల్ల గుచ్చి, ఏటవాలుగా పట్టుకుంది.

"ఇది భూమి. కొవ్వొత్తి సూర్యుడు. చూడు, ఇవాళ మన తల అవతలికి వాలి ఉంది. అందుకే వెలుగు తక్కువ." పుల్ల వంపు మారకుండా బల్ల చుట్టూ సగం తిరిగింది. "ఇదిగో, జూన్. ఇప్పుడు మన తల ఎటుంది?"

"సూర్యుడి వైపు!" అని మేసీ గెంతింది.

భార్య ఎంతకీ రాకపోయేసరికి కంగారుపడి లోపలికొచ్చిన శ్యామ్‌సుందర్‌కి కనిపించింది ఇదీ: ఇరవైమంది మంత్రగత్తెలు నోరెళ్లబెట్టి తన భార్య పాఠం వింటున్నారు.

అప్పటికిగానీ కృష్ణకుమారికి గుబులు పుట్టలేదు. "సారీ, మీ నమ్మకానికి అడ్డొచ్చానేమో" అంది డార్లాతో.

"అదేం మాట! తల్లి బిడ్డను కన్నదని మేం పాట పాడతాం. కాన్పు ఎలా జరిగిందో నర్సు చెబుతుంది. ఎవరు చెప్పినా అదే బిడ్డ కదా!"

తర్వాత అందరికీ చిన్న కాగితాలు పంచారు. వదిలించుకోవాలనుకున్నది రాసి మంటలో వేయాలట. కృష్ణకుమారి తెలుగు అక్షరాల్లో రెండు ఇంగ్లీషు ముక్కలు రాసి దుంగ మీద వేసింది. ఏం రాశావని కార్‌లో శ్యామ్‌సుందర్ ఎంత అడిగినా చెప్పలేదు.

వచ్చినవాళ్లలో ఒకామె లైబ్రరీలో పనిచేస్తుంది. ఫిబ్రవరిలో చలి వెనకబట్టే పండగకు, మార్చిలో పగలూ రాత్రీ సమానమయ్యే పండగకు కూడా కృష్ణకుమారిని పిలిచి, వేసవిలో అసలు విషయం అడిగింది: శనివారాలు లైబ్రరీలో పిల్లలకు ఋతువుల గురించి చెబుతావా అని.

"నా ఇంగ్లీషుతోనా?" అంది కృష్ణకుమారి. అయినా ఒప్పుకుని ఆ వారమంతా అద్దం ముందు ప్రాక్టీస్ చేసింది.

మొదటి రోజు ఆరుగురొచ్చారు. ఆమె "లాటిట్యూడ్" పలికిన తీరుకి ఒక పిల్ల నవ్వింది. "నువ్వెలా అంటావో చెప్పు" అని, ఆ పిల్ల దగ్గరే నేర్చుకుని పాఠం సాగించింది. గంట క్లాసు గంటన్నర నడిచింది. తలుపులు మూసే టైమైందని లైబ్రరీవాళ్లు రెండుసార్లు వచ్చి చెప్పాల్సి వచ్చింది.