తాతబాబు చేసిన లేచే బల్ల

కిరందుల్ ఇనుప గనిలో బెల్టు ఫిట్టరుగా ముప్పై రెండేళ్ళు పనిచేసిన తాతబాబుకు ఒక గుణం ఉండేది. ఏ వస్తువైనా కిర్రుమన్నా, వంకరగా నిలబడ్డా, ఒక పక్కకు వాలినా చూసి ఊరుకోలేడు. పెళ్ళిచూపులకు బొబ్బిలి పక్కన వరహాలమ్మ వాళ్ళింటికి వెళ్ళిన రోజు, పిల్లను చూడ్డానికి ముందే ఆ ఇంటి వీధి తలుపు బందు సరిచేశాడట. పెళ్ళయి పాతికేళ్ళు దాటినా ఆవిడ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ ఆ సంగతి చెప్పేది. "నన్ను సూసినాడో నేదో నాకు తెలీదు గానీ, ఆ తలుపు మాత్రం ఇప్పటికీ సప్పుడు సెయ్యదు."

తాతబాబు తండ్రి రామ్మూర్తి రైల్వే గ్యాంగులో మనిషి. కొత్తవలస నుంచి కిరందుల్ దాకా లైను పడ్డ కొత్తల్లో పెట్టే బేడా సర్దుకుని ఈ కొండల్లోకి వచ్చాడు. తాతబాబు పెరిగింది రైల్వే క్వార్టర్లలోనే. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, సంతలో అక్కడి గిరిజనుల హల్బీ. గనిలో ఎవరు ఎదురైతే వాళ్ళ మాట. కోస్తాలో పెరగకపోయినా అమ్మానాన్నల యాస మాత్రం ఆయన్ని వదల్లేదు.

ఈ కథ రెండు వేల పన్నెండులో మొదలైంది. అప్పటికి ఆయన రిటైరవడానికి నాలుగేళ్ళుంది.

గని ఉన్న కొండ దిగువన, రైలు వ్యాగన్లలోకి ఖనిజం నింపే చోట ఒక కంట్రోలు గది ఉంది. అందులో ఒక బల్ల, దాని మీద రెండు కంప్యూటర్ మానిటర్లు. ఒకదాంట్లో ఖనిజాన్ని మోసుకొచ్చే బెల్టులు నడుస్తున్నాయో ఆగాయో కనబడుతుంది. రెండోదాంట్లో ఏ వ్యాగన్‌లో ఎంత పడిందో అంకెలు కదులుతుంటాయి. షిఫ్టు పొడుగునా వాటి మీద నుంచి కళ్ళు తియ్యకూడదు.

పొద్దుటి షిఫ్టులో ఆ బల్ల దగ్గర ఉండేది బంగారురాజు. వరహాలమ్మకు స్వయానా అన్న, తాతబాబుకు బావ. ఆరడుగుల మనిషి. ఇరవయ్యేళ్ళు గనిలో డంపరు తోలి తోలి నడుములో పూస జారింది. అరగంటకు మించి కూర్చోవద్దని డాక్టరు గట్టిగా చెప్పడంతో ఈ గదిలోకి మార్చారు. నిలబడి చూడ్డానికి వీలుగా ఆయన రెండు ఖాళీ బ్యాటరీ పెట్టెలు తెచ్చి, వాటి మీద మానిటర్లు ఎక్కించుకున్నాడు.

మధ్యాహ్నం షిఫ్టుకు వచ్చేది మడకం హుంగే. ఎర్రబోరు దగ్గర, ఇంట్లో తెలుగు మాట్లాడే పల్లె ఆమెది. పాతికేళ్ళ పిల్ల. చిన్నప్పుడు జ్వరమొచ్చి రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. దంతెవాడ హాస్టల్లో ఉండి చదివి, కంప్యూటరు నేర్చి, ఈ ఉద్యోగం తెచ్చుకుంది. గది గుమ్మం దాకా చేత్తో తిప్పే మూడు చక్రాల బండి మీద వచ్చి, లోపల చక్రాల కుర్చీలోకి మారేది. నిలబడే బంగారురాజు ఎత్తుకు పెట్టుకున్న మానిటర్లు కుర్చీలో కూర్చున్న హుంగేకు అటక మీది సామానులా ఉండేవి. వెళ్ళేముందు వాటిని దించి వెళ్ళాలని ఇద్దరి మధ్యా ఒప్పందం. కానీ సరిగ్గా షిఫ్టు మారే వేళకే రైలు వచ్చి నిలబడేది, బయట బస్సు హారను కొట్టేది, బంగారురాజు సగం రోజులు మరిచిపోయేవాడు. అలా మరిచిపోయిన రోజు ఎవరినైనా పిలిచి దించమనవచ్చు. హుంగే పిలిచేది కాదు. హాస్టలు రోజుల నుంచీ నీళ్ళకు ఒకరిని, మెట్టు ఎక్కడానికి ఒకరిని అడిగి అడిగి, తప్పనిసరైతే తప్ప నోరు తెరవకూడదని ఆమె పెట్టుకున్న నియమం అది.

ఒక మధ్యాహ్నం బెల్టు ఫిర్యాదు మీద తాతబాబు ఆ గదికి వెళ్ళాడు. హుంగే మెడ వెనక్కి వాల్చి అంకెలు చదువుతోంది. ఎడమ అరచేత్తో మెడ నొక్కుకుంటోంది. ఆయన గబుక్కున వెళ్ళి మానిటర్లు దించబోయాడు.

"ఉండనీ కాకా, అలవాటైంది" అంది హుంగే.

ఆ మాట ఆయన్ని కుదురుగా ఉండనివ్వలేదు. బెల్టు రోలరు కిర్రుమంటున్నా పక్కన పనిచేసేవాళ్ళకు కొన్నాళ్ళకు వినబడదు, అలవాటైపోతుంది. ఆ తర్వాత ఒక రోజు రోలరు విరుగుతుంది. ముప్పై ఏళ్ళుగా ఆయన చూసింది అదే.

బల్లనే పైకీ కిందికీ నడిపించాలని ఆ రోజే నిశ్చయించుకున్నాడు. అలాంటి బల్లలు పట్నాల్లో అమ్ముతారని ఆయనకు తెలియదు. తెలిసినా అప్పుడు పట్టించుకునేవాడు కాదేమో. పై అధికారి దేవాంగన్ దగ్గర అనుమతి తీసుకుని తుక్కులోంచి రెండు పాత లారీ వైపరు మోటార్లు ఏరాడు. భవనాల సెంట్రింగు కింద పెట్టే మరజాకీలు రెండు సంపాదించాడు. ఒక్కో జాకీకి ఒక్కో మోటారు బిగించి, వాటి మీద పలక పెట్టాడు. స్విచ్చి నొక్కితే మరలు తిరుగుతాయి, పలక లేస్తుంది. వరండాలో ఇటుకలు పెట్టి చూస్తే చక్కగా లేచింది. శనివారం తీసుకెళ్ళి గదిలో బిగించాడు. రెండు రోజులు అందరూ వచ్చి చూసి వెళ్ళారు. ఆయన ఆ రెండు రోజులూ ఉతికిన చొక్కా వేసుకుని డ్యూటీకి వెళ్ళాడు.

నాలుగో రోజు పొద్దున బంగారురాజు స్విచ్చి నొక్కాడు. రెండు మోటార్లలో ఒకటి మరీ పాతది. కుడివైపు చకచకా లేచింది, ఎడమవైపు వెనకబడింది. ఏమిటా అని చూసేలోపే పలక వాలి, మానిటరు జారింది. బంగారురాజు ముందుకు దూకి దాన్ని పసిపిల్లను పట్టుకున్నట్టు గుండెకు హత్తుకున్నాడు. మానిటరుకు ఏమీ కాలేదు. ఆయన నడుము మాత్రం పట్టేసింది. స్ట్రెచరు మీద తీసుకెళ్ళారు. ఆ హడావుడిలో రైలు ఇరవై నిమిషాలు ఆగిపోయింది.

దేవాంగన్ కేకలు వేసే మనిషి కాదు. ఆ బల్ల తీసేసి పాతది పెట్టించమని, ఇక ఈ గదిలో ప్రయోగాలు వద్దని హిందీలో నెమ్మదిగా చెప్పాడు. తిట్టి ఉంటేనే బాగుండుననిపించింది తాతబాబుకు.

బల్ల వరండాలోకి తిరిగొచ్చింది. దాని మీద ఒక గోనెపట్టా కప్పి, ఆయన రెండు వారాలు పానా ముట్టుకోలేదు. పెరట్లో కుళాయి కారడం మొదలైతే చూస్తూ దాటిపోయాడు. వరహాలమ్మ అదిరిపోయింది. చెక్కబల్ల మీద వెల్లకిలా పడుకుని ఉన్న అన్న దగ్గరికి పరుగెత్తి, మొగుడికి ఏదో అయిందని చెప్పుకుంది. కుళాయి సంగతి విని బంగారురాజు కూడా కంగారుపడ్డాడు. తన నడుము వారంలో సర్దుకుంటుందనీ, బావను చూస్తేనే భయంగా ఉందనీ అన్నాడు. సాయంత్రం తాతబాబును పిలిపించి, "ఇదిగో బావా, నాను పడ్డానని నువ్వు మానీస్తే, నాను ఊరికినే పడ్డట్టవుతాది" అన్నాడు. తాతబాబు ఆయన దిండు సరిచేసి వచ్చేశాడు.

ఆ ఆదివారం పొద్దున హుంగే బండి వాళ్ళ గేటు ముందు ఆగింది. ఒడిలో చింతపండు మూట. గేటుకు మెట్టు ఉంది. ఆమె పిలవకముందే వరహాలమ్మ చూసి, మొగుడితో కలిసి బండిని ఎత్తి లోపల పెట్టింది. టీ తాగాక హుంగే గోనెపట్టా తీసి చూపించమంది. చాలాసేపు అటూ ఇటూ వంగి చూసింది.

"ఏంది కాకా, దీనికి రెండు మోటార్లు పెట్టినవా?"

"ఒకటి సాలదేమో అనుకున్నానమ్మా."

"మా ఊళ్ళె మా అమ్మ కావడి మోస్తది. బరువు రెండు దిక్కులుంటది గానీ భుజం ఒక్కటే గదా. రెండు భుజాలు పెడితె ఒకటి ముందటికి పోతది, ఒకటి ఎనక పడతది."

తాతబాబు గ్లాసు కింద పెట్టాడు. ముప్పై ఏళ్ళు బెల్టులతో, గొలుసులతో బతికిన తనకు ఈ మాట ఎలా తట్టలేదా అని సిగ్గేసింది.

హుంగే ఇంకా ఆగలేదు. "ఇంకోటి చెప్తా, ఏమనుకోకు. గది కొలిచినవ్, బల్ల కొలిచినవ్, బంగారురాజు కాకాను నిలబెట్టి కొలిచినవ్. నన్ను అడగలే."

వరహాలమ్మ మొగుడి వైపు చూసింది. ఆయన లేచాడు. లోపలికి వెళ్ళి సుద్దముక్క తెచ్చుకున్నాడు. "నిజమే తల్లీ. ఇప్పుడడుగుతన్నాను. సెప్పు."

ఆమె చెప్పింది. బల్ల కింద అడ్డంగా వేసిన ఇనుప పట్టీకి మోకాళ్ళు తగులుతున్నాయి, అందుకని పక్కకు తిరిగి కూర్చోవలసి వచ్చేది. స్విచ్చి కుడివైపు చివర బిగించారు, అది అందాలంటే ఒరగాలి. మానిటర్లు మాత్రమే కదిలితే చాలదు, కీబోర్డు పలక కూడా వాటితో రావాలి. ఒక్కొక్కటే చెబుతుంటే తాతబాబు నేల మీద సుద్దతో రాసుకున్నాడు. తర్వాత ఆమెను గోడకు ఎదురుగా కూర్చోబెట్టి కళ్ళు మూసుకోమన్నాడు. తెరవగానే చూపు ఎక్కడ పడిందో అక్కడ గోడ మీద గీత పెట్టాడు. నాలుగు రోజుల తర్వాత బంగారురాజు లేచి నిలబడగలిగినప్పుడు ఆయన్నీ తీసుకొచ్చి రెండో గీత పెట్టాడు. రెండు గీతల మధ్య మూరెడు మీద బెత్తెడు ఉంది. బల్ల నడవాల్సిన దారి అది.

ఈసారి మోటారు ఒక్కటే. బజారులో సైకిళ్ళు బాగుచేసే సోమారు దగ్గర ఒకే లెక్క పళ్ళున్న రెండు పాత ఫ్రీవీళ్ళు, ఒక గొలుసు దొరికాయి. ఫ్రీవీలు ఒక వైపు తిప్పితే పట్టుకుంటుంది, రెండో వైపు ఊరికే తిరుగుతుంది. బల్ల ఎక్కాలి, దిగాలి కూడా కాబట్టి వాటిని వెల్డింగు పెట్టి రెండు వైపులా పట్టేలా చేశాడు. జాకీల అడుగున చెరొకటి బిగించి, గొలుసు చుట్టి, నడుమ మోటారు పెట్టాడు. ఇప్పుడు ఒక మర తిరిగితే రెండోది తిరిగి తీరాలి. గీత దాకా రాగానే మోటారు దానంతటదే ఆగేలా పైన ఒకటి, కింద ఒకటి ఆపుడు స్విచ్చిలు పెట్టాడు. మోకాళ్ళకు అడ్డొచ్చే పట్టీ తీసి వెనక్కి వేశాడు, కీబోర్డు పలకను మానిటర్ల పలకకే కలిపి బిగించాడు. గీత నుంచి గీతకు వెళ్ళడానికి ఒకటిన్నర నిమిషం పట్టేది. బంగారురాజు దాన్ని చూసి ఎద్దుబండి అన్నాడు. నెమ్మదిగా పోయేది బోల్తాపడదని తాతబాబు అందుకు సంతోషించాడు.

పలక మీద పాతిక కిలోల బియ్యం బస్తా పెట్టి పరీక్ష మొదలుపెట్టారు. తాతబాబు డ్యూటీకి వెళితే వరహాలమ్మ చూసుకునేది. పప్పు ఉడుకుతుంటే వచ్చి పైకి, కూర తిప్పి వచ్చి కిందికి. ఒక్కో విడతకు గిన్నెలో ఒక చింతపిక్క వేసేది. రెండు వందల పిక్కలయ్యేసరికి ఒక్కసారి కూడా బల్ల వాలలేదు. గొలుసు ఒకసారి వదులైంది, బిగించాడు.

అయితే దేవాంగన్ దగ్గరికి మళ్ళీ వెళ్ళడానికి తాతబాబుకు కాళ్ళు రాలేదు. ఆ పని హుంగే చేసింది. తన మెడనొప్పి గురించి, బంగారురాజు నడుము గురించి, ఒకే బల్ల ఇద్దరికీ ఎందుకు సరిపోదో హిందీలో ఒక పేజీ అర్జీ రాసింది. ఉద్యోగంలో చేరాక తనకంటూ ఏదైనా కావాలని ఆమె రాసి అడగడం అదే మొదలు. కాగితం ఇచ్చి వచ్చిన రోజు ఆమెకు అన్నం సయించలేదట.

దేవాంగన్ ఆ ఆదివారం స్వయంగా తాతబాబు ఇంటికొచ్చాడు. వరహాలమ్మ టీ ఇస్తే తాగలేదు. అంచుదాకా నిండిన ఆ గ్లాసును పలక మీద పెట్టి స్విచ్చి నొక్కి, నడుము వంచి ఒకటిన్నర నిమిషం దాన్నే చూశాడు. బల్ల పైకి వెళ్ళి ఆగింది. మళ్ళీ కిందికి దించాడు. టీ తొణకలేదు. అప్పుడు గ్లాసు తీసుకుని, చల్లారిన టీ అంతా తాగి, ఎలక్ట్రీషియను చేత వైర్లు ఒకసారి తనిఖీ చేయించి సోమవారం పట్టుకురమ్మన్నాడు.

సోమవారం పొద్దున బల్ల గదిలోకి చేరింది. మళ్ళీ డ్యూటీకి వస్తున్న బంగారురాజు మధ్యాహ్నం ఆ రోజు కూడా దించడం మరిచిపోయి బస్సెక్కాడు. హుంగే కుర్చీ బల్ల కిందికి జరుపుకుంది. మోకాళ్ళు ఎక్కడా తగల్లేదు. ఎడమ చేతికి అందేచోట స్విచ్చి ఉంది. నొక్కింది. మానిటర్లు రెండూ మెల్లగా, మర్యాదగా కిందికి దిగి ఆమె కళ్ళ ముందు ఆగాయి. మళ్ళీ పైకి పంపింది, మళ్ళీ దించింది. తాతబాబు తలుపు దగ్గరే నిలబడి చూస్తున్నాడు. హుంగే ఆయన వైపు తిరగకుండానే, "ఇగ పో కాకా, రైలొచ్చింది" అంది. ఇంటికి వెళ్ళి ఆయన మొట్టమొదట చేసిన పని పెరట్లో కుళాయి బాగుచేయడం.

రెండు వేల పదహారులో తాతబాబు రిటైరయ్యాడు. కోస్తాకు వెళ్ళిపోదామా అంటే వరహాలమ్మ ఒప్పుకోలేదు, తనకు అక్కడి ఎండ పడదంది. కిరందుల్‌లోనే ఇల్లు అద్దెకు తీసుకున్నారు. ఆ తర్వాత ఆర్నెల్లకు గొలుసు మార్చాల్సి వస్తే హుంగే సోమారును పిలిపించి తానే దగ్గరుండి మార్పించింది. అంతా అయ్యాక ఫోను చేసి చెప్పింది. తనను పిలవనందుకు తాతబాబు ఆ పూటంతా కొంచెం ముభావంగా ఉన్నాడు. పడుకునేముందు మాత్రం, పిల్ల గొలుసు సరిగ్గా ఎంత వదులు ఉంచాలో అంతే ఉంచిందని భార్యకు గర్వంగా చెప్పాడు.

ఆ ఏడు కొత్త ధాన్యం తొలిసారి వండుకునే కొత్తల పండగకు హుంగే వాళ్ళిద్దరినీ తమ ఊరు రమ్మంది. దంతెవాడ మీదుగా సుక్మా, అక్కడినుంచి ఎర్రబోరు, బస్సులు మారి మారి వెళ్ళారు. హుంగే తల్లి లక్మే వాకిట్లో మంచం వేసి కూర్చోబెట్టింది. ముందు తాతబాబు చేతులు అటూ ఇటూ తిప్పి చూసింది. కంప్యూటరును ఆమె ఎప్పుడూ చూడలేదు, బల్ల సంగతి మాత్రం కూతురు పది సార్లు చెప్పింది.

"ఇదివరకు ఇంటికొస్తె మెడనొప్పని తెల్లారిందాక మూల్గేది, మాటుండకపోయేది" అంది లక్మే. "ఇప్పుడు బస్సు దిగినకాడినుంచి ఆపదు. బల్లకు ఆపుడు స్విచ్చి పెట్టినవంట గదా అన్నా. దీని నోటికి గూడ ఒకటి పెట్టకపోయినవ్."

వరహాలమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. హుంగే మాత్రం ఏమీ విననట్టు, ఆకుదొప్పల్లో కొత్త బియ్యపన్నం వడ్డించమని తల్లిని తొందరపెడుతూ, రైళ్ళ గురించి తాతబాబుకు చెప్పుకుంటూ పోయింది.