పుట్టీ డోరు

కుందుర్పి నుంచి వచ్చే బస్సులో పక్క సీటాయన సంచిలోంచి రొట్టెంత పెచ్చు తీసి నా చేతిలో పెట్టాడు. ఒకవైపు మెరిసే తెల్లరంగు, వెనక బొటనవేలు మందాన పుట్టీ.

"నా కారు డోరన్నా ఇది. ఎండకు పగిలి ఊడిపడినాది. లోపల రేకంతా తుప్పే. యాడా తగల్లేదని చెప్పి పాత కార్ల బ్రోకరు అమ్మినాడు."

"ఇప్పుడు యాడికి?"

"వాని దగ్గరికే. ఆ డోరు పక్కనే నా కూతురు కూర్చుంటాది. వాని బిడ్డనైతే కూర్చోబెడతాడా అని అడగాల."

నాకూ ఒళ్లు మండింది. సొట్ట పూడ్చే పుట్టీతో ఏకంగా డోరే చేసి అమ్ముతారా?

కళ్యాణదుర్గంలో జనం ఎక్కాక, కదలమని కండక్టర్ బస్సు పక్కభాగం మీద అరచేత్తో గట్టిగా చరిచాడు. ఖంగుమన్న ఆ చప్పుడును పక్క సీటాయన చెవి పెట్టి విన్నాడు.

"ఇదైతే రేకేలే అన్నా."

ఇప్పుడు ఏ బస్సెక్కినా, ఆ చప్పుడు వినేదాకా నాకు కుదురుండదు.