అవ్వ మాత్రలు, నా భిన్నాల లెక్క

మా చిన్నప్పుడు... రావల్కోల్‌లో మా అవ్వ బీపీ మాత్రలు పాత పౌడర్ డబ్బాలో ఉండేవి. పొద్దున ఒకటి, సాయంత్రం అర. ఆ అర కోసం వక్కలు కత్తిరించే అడకత్తెరే వాడేది. ఒక్క పలుకు కూడా కింద రాలనిచ్చేది కాదు.

తొంభైల చివరి మాట ఇది. నేను ఆరో తరగతి. వానలు పడి నాట్లు మొదలయ్యాయి. ఊళ్ళో నా ఈడు ఆడపిల్లలు ఒక్కొక్కరే బడి మానేసి మడుల్లోకి దిగుతున్నారు. మా నాయిన కూడా నా గురించి అదే ఆలోచనలో ఉన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు... ఇంట్లో పనికి మనుషులు చాలడం లేదు, అంతే.

అడ్డం పడేది అవ్వే. "అది లెక్కలల్ల మస్తు హుషారు రా. బడి మాన్పియ్యకు" అని రోజూ నాయిన ప్రాణం తోడేసేది.

ఒక పొద్దున, అవ్వ ఇంకా మందు వేసుకోకముందు, నాయిన డబ్బా మూత తీసి చూశాడు. ఆరు మాత్రలున్నాయి.

"లెక్కలల్ల హుషారంటవు గదా, సూద్దాం" అని అవ్వతో అని, నా వైపు తిరిగాడు. "బిడ్డా, గివి ఎన్నొద్దులొస్తయో జెప్పు. నాట్లల్ల నాకు తీరది. అయిపోయే రోజుకే మేడ్చల్ పోయి తెస్త."

నాకు ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది. సరిగ్గా ఆ వారమే సార్ భిన్నాల భాగహారం మొదలుపెట్టారు. డ్రమ్ములో ఇంత నూనె ఉంది, ఒక్కో సీసాలో ఇంత పడుతుంది, ఎన్ని సీసాలు కావాలి... అవే లెక్కలు. బలపం తీసుకుని అరుగు మీదే రాశాను. ఆరుని ఒకటిన్నరతో భాగించాలి. ఒకటిన్నర అంటే మూడు బై రెండు. దాన్ని తిరగేసి గుణించాలి. తిరగేయడం మరిచిపోయాను.

"తొమ్మిది రోజులు!" అని అరిచాను.

అవ్వ వేళ్ళు మడిచి ఏదో లెక్కపెట్టుకుంది. నా ముఖం చూసింది... నాయిన ముఖం చూసింది.

"తొమ్మిదే. కరెక్టే జెప్పింది పిల్ల" అంది.

నాయిన నవ్వాడు. "సరే తియ్యి, పోనీ బడికి" అన్నాడు. ఆ రోజు నా అంత గొప్పది ఊళ్ళో లేదనుకున్నాను.

నాలుగో రోజు బడిలో సార్ నన్ను బోర్డు దగ్గరికి పిలిచారు. మళ్ళీ తిరగేయకుండానే గుణించాను. సార్ చెవి మెలిపెట్టి సరిచేశారు. నా చోటికి వచ్చి కూర్చున్నాక మాత్రల లెక్క గుర్తొచ్చింది. ఆరు మాత్రలు వచ్చేది నాలుగు రోజులే... ఈ రోజుతో సరి.

బడి వదలగానే పరుగున ఇంటికొచ్చి డబ్బా తీశాను. ఇంకా నాలుగు మాత్రలున్నాయి.

ఉండకూడదు కదా! ఆ మాట నాకు తట్టింది. తట్టలేదని అబద్ధం చెప్పను... కానీ అడగలేదు. అడిగితే నా లెక్క తప్పని నాయినకు తెలుస్తుంది, బడి పోతుంది. చప్పుడు కాకుండా మూత పెట్టేశాను.

అవ్వ గడప దగ్గర నిలబడి చూస్తోంది.

"మస్తున్నయి తియ్యి. సదువుకో పో" అంది.

ఎనిమిదో రోజు ఆదివారం. మధ్యాహ్నం తమలపాకుకు సున్నం రాస్తూ రాస్తూ అవ్వ పక్కకు ఒరిగిపోయింది. మూతి వంకర తిరిగింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. అమ్మా నాయినా మడిలో ఉన్నారు. నేనే గట్ల మీద పరుగెత్తి పిలుచుకొచ్చాను.

ఆసుపత్రిలో డాక్టరు, మందులు రోజూ వేసుకుంటోందా అని అడిగాడు. నాయిన డబ్బా తీసి చూపించాడు.

"ఇంక రెండున్నయి సార్. ఎన్నడూ ఒడువనియ్యలే. మా బిడ్డనే లెక్క జూసింది" అన్నాడు. గర్వంగానే అన్నాడు. నేను ఆయన పక్కనే ఉన్నాను.

కొన్ని నెలలకు అవ్వకు మాట కొంచెం తిరిగొచ్చింది. ఒకరోజు గంజి తాగిస్తూ, ఇంట్లో ఎవరూ లేనప్పుడు అడిగాను.

"ఎందుకవ్వా గట్ల జేసినవ్?"

"నాలుగొద్దులే అని నాకు ఎర్కనే" అంది, మాట తడబడుతూ. "పొద్దున అర ఒక్కటే ఏసుకొని, తొమ్మిదొద్దులు ఎల్లదీద్దామనుకున్న. నీ లెక్క తప్పయితే నాయిన నిన్ను నాట్లకు తోలుతుండె."

ఆ తర్వాత అవ్వ ఇంకో ఆరేళ్ళు బతికింది. ఆ ఆరేళ్ళూ మాత్రలు నేనే వేశాను. మాత్రలు తక్కువైనందుకే అలా అయిందని కచ్చితంగా చెప్పలేమని, పెద్దయ్యాక ఇంకో డాక్టరు అన్నాడు. ఆ మాట పట్టుకుని నిద్రపోదామని చాలాసార్లు చూశాను... కుదరలేదు.

మా పాప ఇప్పుడు ఆరో తరగతి. మొన్న "ఒక్కో సీసాలో ముప్పావు లీటరు పడితే..." అని చదువుతుంటే లేచి బయటికి వెళ్ళిపోయాను. అమ్మకు లెక్కలంటే భయమని దాని అనుమానం.

నేను డిగ్రీ దాకా లెక్కలే చదివాను. ఇంటికి ఎవరొచ్చినా మా నాయిన ఇప్పటికీ చెప్తాడు... "ఆరో తరగతిలనే మా అమ్మ మాత్రల లెక్క టక్కున జెప్పింది" అని. నేను టీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళిపోతాను.

ఇప్పుడు మందుల షాపువాళ్ళే కవరు మీద పూటలు రాసి ఇస్తున్నారు. మిగతా లెక్క ఫోను చూసుకుంటోంది. పిల్లల్ని కూర్చోబెట్టి ఇది ఎన్ని రోజులొస్తుందని అడిగేవాళ్ళు లేరు. వాళ్ళు చెప్పింది తప్పయినా నిజం చేసి చూపించాలనుకునే అవ్వలూ లేరు.

మీ ఇంట్లో మీ చేత లెక్కలు చేయించిన పెద్దలెవరు? కింద రాయండి, చదువుతాను... వాళ్ళ దగ్గర దాచింది ఏమైనా ఉంటే మాత్రం, ఇక్కడ కాదు, ముందు వాళ్ళకే చెప్పేయండి.

మా నాయిన పక్క గదిలోనే ఉన్నాడు. ఇది పోస్టు చేయగానే వెళ్ళి చెప్పాలి... అవ్వ పోయినప్పటి నుంచీ ఏడాదికోసారి ఇలాగే అనుకుంటున్నాను.