ఓటు గంట మోగితే

వాషింగ్టన్‌లో ఓడిపోయిన సెనెటర్‌ని కూడా చచ్చేదాకా సెనెటర్ అనే పిలవాలి. మర్యాద చూపించడం తేలికే. ఆ మర్యాదను నిజమని నమ్మేసినవాళ్ళను కాచుకోవడమే కష్టం. పదకొండేళ్ళుగా ఆ కష్టం వెర్లీన్ స్టోక్స్‌ది.

‘గుడ్లో అండ్ హేవర్టీ’ కంపెనీలో గుమ్మం దగ్గరి బల్ల ఆమెది. గుడ్లో, హేవర్టీ ఇద్దరూ మాజీ సెనెటర్లు. ముప్ఫై ఏళ్ళు ఎదురెదురు పార్టీల్లో ఉండి తిట్టుకుని, ఒకే ఏడాది ఓడిపోయి, ఒకే కంపెనీ పెట్టారు. చట్టంలో తమకు కావలసిన ముక్క చేర్పించుకోవాలనుకునే వ్యాపారులు వీళ్ళ దగ్గరికొస్తారు. వీళ్ళు పాత స్నేహితులకు ఫోన్లు చేస్తారు.

వచ్చినవాళ్ళు అబ్బురపడాలని గోడకు సెనేట్‌లోలాంటి గడియారం పెట్టించారు. అక్కడ ఓటింగు మొదలైతే ఇక్కడా గంట మోగుతుంది. మోగిందా, ముసలాళ్ళిద్దరూ సూపు గిన్నెలు వదిలేసి, కోటు గుండీలు పెట్టుకుంటూ లిఫ్టు వైపు పరుగు! ఒకసారి గుడ్లో మంగలి చేతిలోంచి సగం గడ్డంతో లేచి పరుగెత్తి, నాలుగు వీధుల అవతల దొరికాడు.

‘మీరిప్పుడు సెనెటర్లు కారు’ అని వెర్లీన్ ఎన్నడూ అనలేదు. ఆమె అంతకుముందు సెనేట్‌లో, సభ్యులు కోట్లు తగిలించి కబుర్లాడుకునే గదిలో పందొమ్మిదేళ్ళు పనిచేసిన మనిషి. అక్కడో పాత ఆనవాయితీ ఉంది: ఒక పార్టీవాడు రాలేకపోతే, ఎదుటి పార్టీవాడొకడు అతనికి జోడీగా తన ఓటూ మానుకుంటాడు; లెక్క సరిసమానం, ఇద్దరూ వెళ్ళనక్కర్లేదు.

“సెనెటర్ గారూ, మీకు జోడీ కుదిరిందండి. సూపు చల్లారుతోంది” అనేది. అంతే, ఇద్దరూ కూర్చునేవారు.

కొత్త మేనేజరు ట్రెంట్ ఆష్‌బీకి ఇదంతా తెలియదు. ఆమె బల్ల తీసేసి, వేలితో నొక్కితే మాట్లాడే తెర ఒకటి పెట్టించాడు. శుక్రవారం ఆమెకు ఆఖరి రోజన్నాడు. భర్త అలాంజో గుండె మందులన్నీ ఆ ఉద్యోగపు బీమా మీదే నడుస్తున్నాయి. అలాంజోకి ఆమె ఇంకా చెప్పలేదు.

శుక్రవారం జార్జియా నుంచి వేరుశెనగ రైతుల సంఘం అధ్యక్షురాలు డొరొతియా లన్స్‌ఫర్డ్ వచ్చింది. గుడ్లో ఏదో హామీ ఇస్తూండగా గంట మోగింది. ఇద్దరూ లేచారు. అట్టపెట్టెలో తన కప్పు సర్దుకుంటున్న వెర్లీన్ కూడా లేవబోయింది. ట్రెంట్ చేయి అడ్డం పెట్టాడు.

“నేను చూసుకుంటాను. సార్, మీరిప్పుడు సెనెటర్లు కారు కదా!”

హేవర్టీ అతన్ని ఎగాదిగా చూశాడు. “ఎవడయ్యా వీడు? ఏ రాష్ట్రం నుంచి నెగ్గాడు?”

“నెగ్గిన మొహంలా లేదు” అన్నాడు గుడ్లో. ఇద్దరూ లిఫ్టెక్కి వెళ్ళిపోయారు.

అరగంటకు ఫోను. సెనేట్ గుమ్మం దగ్గరి కాపలాదారు లూషియస్.

“అక్కా, నీ పిల్లకాయలిద్దరూ ఇక్కడున్నారు. లోపలికి పంపనంటే నన్ను సస్పెండు చేయిస్తారట. వచ్చి తీసుకుపో.”

వెర్లీన్ ఫోను మీద చెయ్యి అడ్డుపెట్టి ట్రెంట్ వైపు తిరిగింది. “వాళ్ళను తీసుకురావాలట.”

“వెళ్ళండి మరి!”

“ఆ తెరని పంపు నాయనా.”

లన్స్‌ఫర్డ్ పకపకా నవ్వింది. ట్రెంట్ చెవులు ఎర్రబడ్డాయి.

“సోమవారం మీ బల్ల మళ్ళీ మీ చోటే ఉంటుంది” అన్నాడు గొణుగుతూ.

“కాగితం మీద రాయి. ముప్ఫై ఏళ్ళు సెనెటర్ల మధ్య బతికాను. నోటిమాట నమ్మను.”

రాశాడు. ఆమె దాన్ని మడిచి సంచీలో పెట్టుకుని, ముసలాళ్ళ గొడుగులు పట్టుకుని టాక్సీ ఎక్కింది. అక్కడ ఇద్దరూ లూషియస్‌కి రాజ్యాంగం వినిపిస్తున్నారు.

“సెనెటర్ గారూ, జోడీ కుదిరిందండి.”

“ఎవరితో?” అన్నాడు హేవర్టీ.

“మామూలేనండి. మీ ఇద్దరికీ, ఒకరికొకరు.”

“మళ్ళీ వీడేనా!” అని గుడ్లో విసుక్కుని గొడుగు అందుకున్నాడు.

సోమవారం బల్ల తన చోటే ఉంది. తెరను గోడవైపు తిప్పి, దానికి హేవర్టీ టోపీ తగిలించారు.

అంతకుముందు, ఆ శుక్రవారం సాయంత్రం ఆమె ఇంటికెళ్ళగానే అలాంజో అడిగాడు, “ఏంటి విశేషం?”

“ఓటింగు జరిగింది.”

“ఎటు తేలింది?”

“సరిసమానం” అని, అతని మందుల డబ్బా మూత తీసి ఇచ్చింది.