గడియ వేయని గది

మునీంద్ర గురించి మన తెలుగు సంఘం సంచికలో ఎవరూ రాయరు. అందుకే నేను రాస్తున్నాను. రాయచోటి దగ్గర పల్లెటూరి మనిషి. కువైట్‌లో ఆడవాళ్ల దర్జీ దుకాణంలో పదిహేడేళ్లు మిషను తొక్కాడు. బ్నీద్ అల్ గార్‌లో ఒక పాత మేడ రెండో అంతస్తులో అతని గది. పెద్ద ఊళ్లలో మగవాళ్లను ప్రేమించే మగవాళ్లకు బార్లు ఉంటాయట. మాకు ఆ గదే బారు. మందు లేదు, లబన్ అనే మజ్జిగ గ్లాసులు, మునీంద్ర చేతి సంగటి. అంతే!

మాకు అంటే నాకు కూడా. నా పేరు శరత్, అహ్మదిలో ఇంజనీరును, సంఘానికి కార్యదర్శిని. ప్రతి శుక్రవారం ఎవరికీ చెప్పకుండా అక్కడికి వెళ్లేవాణ్ణి.

మొదట్లో ఊరి బయట ఎడారిలో, కబ్ద్‌లో, మాలో ఒకడైన గంగాధర ఒంటెలు కాసే తోటలో కలిసేవాళ్లం. ఎండలకు అక్కడ ఉండలేకపోతుంటే మునీంద్ర తన గదికి రమ్మన్నాడు. ఇంతమంది మగాళ్లేమిటని మేడ కాపలాదారు నిలదీస్తే, మా ఊరి చెక్కభజన అని చెప్పాడు. చెప్పిన పాపానికి నిజంగానే నేర్పాడు. చేతికి చెక్కలిచ్చి, కాళ్లకు గజ్జెలు కట్టి, గుండ్రంగా తిప్పి చెమటలు కక్కించాడు.

"ఏం సారూ, ఎడమకాలు ఏదో తెలీకుండానే ఇంజనీరైనావా? అడుగు తప్పితే సంగటి ల్యా!" అనేవాడు.

భజన పేరు సంఘం దాకా పాకింది. ఉగాదికి మమ్మల్ని వేదికెక్కించారు. అధ్యక్షుడు రవీంద్ర మునీంద్రను కౌగిలించుకుని, మన సంస్కృతికి ప్రాణం ఇతనే అన్నాడు. ఆయన భార్య సుమతి జాకెట్లన్నీ మునీంద్ర చేతే కుట్టించుకునేది. శుక్రవారాలు కుటుంబాలు వచ్చి ఒక గంట భజన విని, ప్రసాదం తిని వెళ్లేవి. వాళ్లు వెళ్లాక ఆ గది మాది.

వాళ్లు వెళ్లాకైనా గడియ పెట్టమని నెత్తీనోరూ కొట్టుకున్నాం. వింటేగా!

"భజన జరిగిన ఇంటికి గడియ పెట్టగూడదు సారూ. దేవుడు బయటికి పోవల్ల గదా" అనేవాడు.

ఆ నమ్మకమే కొంప ముంచింది. ఒక శుక్రవారం మరిచిపోయిన ఫోను కోసం సుమతి వెనక్కి వచ్చింది. మాలో మరొకడైన సుజిత్ ఒడిలో గంగాధర తల పెట్టుకుని పడుకున్నాడు. సుజిత్ వంగి అతని నుదుటి మీద ముద్దు పెట్టాడు. ఆమె గుమ్మంలోంచి అంతా చూసింది. ఫోను తీసుకుని వెళ్లిపోయింది.

మర్నాడే మునీంద్రను సంఘం ముందుకు పిలిపించారు. రవీంద్ర తెల్లకాగితం, పెన్ను అతని ముందు పెట్టాడు.

"అక్కడికి వచ్చేవాళ్ల పేర్లు రాసివ్వు. నీ జోలికి రాం. లేదంటే నీకు వీసా ఇచ్చిన కఫీల్‌కు చెప్తాం. ఇక్కడ ఉండే ఇఖామా పోతుంది, ఖలాస్."

నేను రవీంద్ర పక్క కుర్చీలోనే ఉన్నాను. మునీంద్ర నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. చూస్తే నేనెక్కడ బయటపడతానోనని చూడలేదు, నాకు తెలుసు. కాగితం మీద ఒకటే పేరు రాశాడు. తనది.

"నేనొక్కన్నే సార్. మిగతావోళ్లు భజనకొచ్చినోళ్లు."

"ముప్పై మందిలో నువ్వొక్కడివేనా?" అని గద్దించాడు రవీంద్ర.

"ఉగాదికి చప్పట్లు కొట్టినారు గదా, అప్పుడే లెక్కబెట్టుకోవాల్సింది" అన్నాడు మునీంద్ర.

ఎంత సిగ్గులేని జనం! గజ్జె కట్టి గెంతితే సంస్కృతి, ఒకడి నుదుటి మీద ఇంకొకడు ముద్దు పెడితే పరువు పోయిందట. అతని చేతి ప్రసాదం అరిగేదాకా కూడా ఆగలేదు. పది రోజుల్లో మునీంద్రను విమానం ఎక్కించేశారు. ఒక్కరూ వీడ్కోలుకు వెళ్లలేదు.

నేనూ వెళ్లలేదు. వాళ్లను తిడుతున్నాను గానీ, అతన్ని పిలిపించిన ఆ రోజే, సంఘం పరువు కోసం మునీంద్ర మీద కఫీల్‌కు ఫిర్యాదు చేయాలని తీర్మానం రాసి, కార్యదర్శి సంతకం కోసం నా ముందుకు జరిపారు. మునీంద్ర ఇంకా ఎదురుగానే నిలబడి ఉన్నాడు. నేను సంతకం పెట్టాను. రవీంద్ర నా భుజం తట్టి, "నీలాంటి పెద్దమనిషి తరహా కుర్రాళ్లే సంఘానికి కావాలయ్యా" అన్నాడు.

"థాంక్యూ సార్" అన్నాను.