ఏడాదికోసారి యానాం వెళ్ళే బండి

మొన్న బుధవారం అమలాపురంలో మా కారుకి కొత్త నంబరు ప్లేట్లు బిగించారు. బిగించినతను పాత ప్లేట్లు రెండూ ఊడదీసి, వాటికి పట్టిన బురద గుడ్డతో తుడిచి, ఇంటికి పట్టుకెళతారా, ఇక్కడే పడెయ్యమంటారా అని అడిగాడు. నేను వాటినే చూస్తూ నిలబడితే, పెద్దాయనకి వినబడలేదనుకున్నాడో ఏమో, గొంతు పెంచి మళ్ళీ అడిగాడు. నీ ఇష్టం నాయనా అన్నాను. అతను వాటిని పాత దినపత్రికలో చుట్టి డిక్కీలో పెట్టేశాడు. ఇప్పటికీ అవి స్టెప్నీ పక్కనే ఉన్నాయి. తీసి ఎక్కడ పెట్టాలో నేను ఆలోచించలేదు, మా ఆవిడా అడగలేదు.

ఈ మధ్య నాకు అన్నీ ఇలాగే ఉంటున్నాయి. బాధ అందామంటే అది చాలా పెద్ద మాటలా తోస్తోంది. పంటి డాక్టరు సూది వేశాక దవడ మీద వేలు పెట్టుకుంటే, వేలికి తెలుస్తుంది గానీ దవడకి తెలియదు చూడండి, అలా ఉంటోంది.

నా ఈడు కోనసీమ వాళ్ళకి యానాం అనగానే ముందు గుర్తొచ్చేది పంటు. వంతెన లేని ఆ రోజుల్లో ఎదుర్లంక రేవులో పంటు ఎక్కి, సైకిళ్ళ మధ్యా, మేకల మధ్యా, కొబ్బరికాయల బస్తాల మధ్యా ఇరుక్కుని, ఒక్కోసారి బాజాభజంత్రీలతో సహా పెళ్ళివారితో కలిసి గోదావరి దాటేవాళ్ళం. అవతలి ఒడ్డున కాలు పెడితే అది పుదుచ్చేరి. ఎక్కడో మద్రాసుకి అవతల ఉన్న ఊరి పేరు చెప్పుకుని పాలించుకునే ఆ నేల మీద ఆరేసిన చీరలు ఈ ఒడ్డుకి కనిపించేవి. నాకు మాత్రం అది వేరే రాష్ట్రం అని ఎప్పుడూ అనిపించలేదు. నాకది మా అక్క ఊరు.

నా ఉద్యోగం మొత్తం యానాంలోనే గడిచింది. ఉద్యోగమంటే గొప్పదేమీ కాదు, మోటారు పంపులు అమ్మే దుకాణంలో అమ్మకాలూ నావే, అమ్మాక వచ్చే తగాదాలూ నావే. మాది కొత్తపేట. మా ఆవిడా, ఆవిడకి సంక్రమించిన కాస్త కొబ్బరితోటా అక్కడే ఉండేవి, నేను సోమవారం వెళ్ళి శనివారం సాయంత్రం దాకా అక్క ఇంట్లో ఉండేవాణ్ణి. అక్క నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దది. అమ్మ పోయేనాటికి నాకు చొక్కా బొత్తాలు పెట్టుకోవడం కూడా రాదు, ఆ పనులన్నీ అక్కే చూసింది, తనకి పెళ్ళయ్యాకా, నాకు పెళ్ళయ్యాకా కూడా ఆ చూడటం మానలేదు. బావగారు కోర్టులో గుమాస్తా. మంచి మనిషే గానీ, చట్టంలో రాసి ఉన్నది తప్ప ఇంకేదీ నమ్మేవారు కాదు. వాళ్ళకి పిల్లల్లేరు. అద్దె ఇల్లే అయినా పెళ్ళయిన కొత్తలో దిగినవాళ్ళు మళ్ళీ మారలేదు, ఆ ఇంటి వీధి గదిలో నా మంచం అలాగే ఉండేది.

పని మానేయడానికి ఇంకో రెండేళ్ళున్నాయనగా కారు కొన్నాను. అప్పటికి వంతెన వచ్చి చాలా కాలమయింది. యానాంలో బండి పన్ను మన వైపు కంటే తక్కువన్న సంగతి కోనసీమలో కారు కొనాలనుకున్న ప్రతివాడికీ తెలుసు, అక్కడ లేని చుట్టాలని పుట్టించుకుని మరీ కొన్నవాళ్ళున్నారు. నాకు ఆ అవసరం లేకపోయింది, నిజంగానే అక్కడ ఉంటున్నవాణ్ణి. ఆర్సీ కార్డు వచ్చిన రోజున అక్క దాన్ని నా చేత పైకి చదివించుకుంది. తన ఇంటి నంబరూ, తన వీధి పేరూ వచ్చిన చోట ఇంకోసారి చదవమంది. కరెంటు బిల్లు మీద కూడా ఇంటి ఓనరు పేరే చూసిన మనిషి కదా.

ఉద్యోగం ముగిశాక కారుతో సహా కొత్తపేట వచ్చేశాను. రాజమండ్రి వెళుతుండగా జొన్నాడ దగ్గర మొదటిసారి ఆపారు. ఆపినాయన చాలా మర్యాదస్థుడు.

“బండి యానాందా అండీ? ఇక్కడెన్నాళ్ళ నుంచీ తిరుగుతోందండీ?”

మూడు నాలుగు నెలలయిందన్నాను. పక్క రాష్ట్రం బండి ఏడాదికి మించి ఇక్కడే ఉండిపోతే యానాం నుంచి ఎన్వోసీ, అదే అభ్యంతరం లేదన్న కాగితం, తెచ్చుకుని, ఇక్కడ పన్ను కట్టి, నంబరు మార్చుకోవాలని ఓపిగ్గా చెప్పాడాయన. ఇందులో అన్యాయమేమీ కనిపించలేదు నాకు. మన రోడ్లు అరగదీస్తున్నప్పుడు మన వాళ్ళకే కట్టాలి. ఆ మాటే చెబుదామని యానాం వెళితే, అక్క వంటింటి గుమ్మంలో కూర్చుని ములక్కాడలు తరుగుతూ విని, ముక్కలన్నీ గిన్నెలో వేసింది.

“అయితే ఇంక ఈ బండికి ఇక్కడ పనేముంటుంది?” అంది.

ఎవరు చెప్పారో, మా దుకాణంలోనే ఎవరో అన్నారు, ఏడాది నిండేలోగా బండి దాని ఊరికి ఓసారి వెళ్ళొస్తే లెక్క మళ్ళీ మొదటికి వస్తుందని. అక్క దాన్ని పట్టుకుంది. బావగారు అదేం కాదని, బండి ఎక్కడ నిద్ర చేసిందన్నది కాదోయ్ లెక్క, ఎక్కడ తిరుగుతోందన్నది లెక్క అని, కళ్ళజోడు సవరించుకుని మరీ చెప్పారు. ఆయన చెప్పిందే సరయినదని నాకు తెలుసు. అక్కకీ తెలిసే ఉంటుంది, కాపురం చేసిన ఇన్నేళ్ళలో చట్టం విషయంలో ఆయన పొరబడగా తను చూడలేదు. అయినా మీకేం తెలుసులెండి అని లోపలికెళ్ళిపోయింది. ఆ విషయం అంతటితో తేలిపోయింది. మరుసటి ఏడాది దసరాలు వెళ్ళిన కొద్ది రోజులకి అక్క నుంచి ఫోను.

“ఒరే, బండికి ఏడాది నిండిపోతోంది, చూసుకున్నావా?”

నిన్ను చూడాలనుందిరా అని అక్క ఏనాడూ అనలేదు. మా ఇంట్లో అలాంటి మాటలు అనే అలవాటు ఎవరికీ లేదు. నాన్నగారు ఊళ్ళోకి వెళ్ళి వచ్చినా మమ్మల్ని చూడకుండా దూడని పలకరించేవారు. రమ్మనడానికి ఓ కారణం కావాలి, వెళ్ళడానికీ కావాలి. నేను మాత్రం తక్కువ తిన్నానా, తోటలో కొబ్బరి దింపులనీ, మా ఆవిడ మోకాళ్ళనీ, వానలనీ, ఆ లెక్కంటూ లేకపోతే వాయిదాలు వేస్తూనే ఉండేవాణ్ణి. ఆ లెక్క ఉండబట్టి ఏటా వెళ్ళాను. దారిలో ఒకటి రెండుసార్లు జరిమానా కట్టాను కూడా, నా కథ విని నవ్వి వదిలేసినవాళ్ళూ ఉన్నారు.

సాయంత్రానికి చేరితే, ఆ ఇరుకు సందులో కారు పట్టడానికి చుట్టుపక్కల వాళ్ళ స్కూటర్లన్నీ పక్కకి జరిపించి ఉంచేది అక్క. రాత్రి బండి దాని పుట్టింట్లో పడుకునేది, నేను వీధి గదిలో నా మంచం మీద పడుకునేవాణ్ణి. పొద్దున్నే బానెట్‌కి పసుపు రాసి బొట్టు పెట్టేది, చక్రాల కింద నిమ్మకాయలు, వెనక సీటులో జంతికల డబ్బా, కందిపొడి, ఆవకాయ. అత్తారింటికి వెళ్ళే ఆడపిల్లకి కూడా ఇంత హడావుడి ఉండదని బావగారు వేళాకోళం చేసేవారు. ఆయన పోయాక వేళాకోళం చేసేవాళ్ళు లేకపోయారు గానీ, మిగతాదంతా అలాగే జరిగింది.

తర్వాత అక్క చేతిసంచీ పట్టుకుని, కాశీ వెళ్ళేదానిలా ముందు సీట్లో కూర్చునేది. వెళ్ళేది వంతెన దాకానే. సాగనంపడమంటే పొలిమేర దాకా రావాలి, మన పొలిమేర గోదావరి, అది దాటించాకే దిగుతానని ఆవిడ పట్టుదల. మా ఇంటికి వచ్చి నాలుగు రోజులుండమంటే, ఇంటికి తాళం వేస్తే దీపం ఎవరు పెడతారనేది. ఎడమ వైపు తలుపు లోపలి పిడి రెండో ఏడాదే పాడయింది, బయట నుంచి తీస్తే తప్ప రాదు. మా ఆవిడ వెనక సీట్లోనే కూర్చుంటుంది కనక దాన్ని బాగు చేయించే పని పడలేదు. వంతెన దిగాక ఎదుర్లంక వైపు బండి ఆపి, నేను దిగి, ముందు నుంచి చుట్టూ తిరిగి వచ్చి తలుపు తీసి పక్కకి జరిగితే, అక్క దొరసానిలా దిగేది. 

అక్కడే తనిఖీ ఉంటుంది. యానాంలో మందు చవక కనక అటు నుంచి వచ్చే బండ్ల డిక్కీలు తెరిపించి చూస్తారు. ఓ ఏడాది కానిస్టేబులు జంతికల డబ్బా కూడా తియ్యబోతే అక్క అందుకుంది.

“తీసి చూడండి బాబూ. నాలుగు తిని చూడండి, మత్తేం ఎక్కదు.”

ఆయన నిజంగానే తిన్నాడు. అక్కని అక్కణ్ణించి వెనక్కి తీసుకెళ్ళడానికి ఓ ఆటో అతను ఉండేవాడు. మొదట్లో ఎవరు దొరికితే వాళ్ళే, తర్వాత తర్వాత ఇతనే. మా నంబరు చూడగానే ఆటో తిప్పుకుని వచ్చేవాడు. అతనికీ కాగితంలో చుట్టిన జంతికల పొట్లం ఉండేది. ఏడాదికోసారి కనిపించే ఆ మనిషికీ అక్కకీ ఏం మాటలుండేవో తెలియదు, నేను అద్దంలో చూస్తే ఆటో కదిలేలోపే అక్క ఏదో చెబుతూ ఉండేది.

పోయిన వేసవిలో అక్క పోయింది. కాకినాడ ఆసుపత్రిలో రెండు రోజులుంది, మాట్లాడలేదు. బావగారి అన్నగారి అబ్బాయి కర్మ చేశాడు. నేను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. అందరూ వచ్చి చెయ్యి పట్టుకున్నారు, పట్టుకున్న వాళ్ళు ఏడ్చారు, నేను ఏడవలేదు. కారు ఎండలో ఉండిపోయిందే, సీట్లు కాలిపోతాయే అన్న ఆలోచన ఒక్కటే గుర్తుంది ఆ రోజుది. మనిషి మొద్దుబారిపోవడమంటే ఇదేనేమో, ఇంకా అందులోంచి బయటికి రాలేదు.

దసరాలు వెళ్ళాయి. ఫోను రాలేదు. మొన్నటి కార్తీకంలో జొన్నాడ దగ్గర మళ్ళీ ఆపారు. ఈసారి ఉన్నాయన చిన్నవాడు, ఆర్సీ కార్డు అటూ ఇటూ తిప్పి చూశాడు.

“యానాంలో ఈ ఇంట్లో ఎవరుంటారండీ?”

ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఎవరూ లేరండీ అన్నాను. ఆ మాట నా నోటి నుంచి అదే మొదటిసారి రావడం. ఆయన కార్డు తిరిగి ఇచ్చేసి, అయితే మార్పించేసుకోండి మేష్టారూ, ఇబ్బంది పడతారు అన్నాడు నెమ్మదిగా. నేను మేష్టర్ని కాను గానీ, ఆ పిలుపుకి కాదనబుద్ధి కాలేదు.

మార్పిస్తే ఆ కార్డు మీంచి అక్క ఇల్లు పోతుంది. అక్క పేరుతో ఆస్తంటూ ఏదీ లేదు, ఇల్లు అద్దెది, సామాను బావగారి వైపు వాళ్ళు తీసుకున్నారు. ఆ చిరునామా ఒక్కటే నా దగ్గరున్నది. అందుకని ఓ నెల రోజులు అటు పోలేదు. కానీ ఎవరూ లేని ఇంటికి ఏటా బండిని నిద్రకి తీసుకెళ్ళలేను కదా. యానాం వెళ్ళాను. బండి మీద కేసులేవీ లేవని పోలీసు స్టేషన్‌లో రాయించుకున్నాను, ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీశారు. ఆఫీసులో వాళ్ళు బాగానే చేసిపెట్టారు, అంత త్వరగా అయిపోతుందనుకోలేదు. ఎన్వోసీ చేతికొచ్చిన రోజున అలవాటుగా ఆ సందు దాకా వెళ్ళాను. గుమ్మం ముందు స్కూటరు ఉంది, జరిపినవాళ్ళెవరూ లేరు. బండి వెనక్కి తిప్పుకున్నాను.

వంతెన దిగాక ఎదుర్లంక వైపు ఆపాను. ఎందుకు ఆపానని అడిగితే చెప్పలేను. ఇంజను కట్టేసి, దిగి, ముందు నుంచి చుట్టూ తిరిగి వచ్చి ఎడమ తలుపు తీశాను. తీసి, పక్కకి జరిగి నిలబడ్డాను.

సీటు మీద కాగితాల సంచీ ఉంది. ఎంతసేపు అలా ఉన్నానో, ఆటో శబ్దం వినిపించి తలెత్తేసరికి అతను వచ్చేశాడు. వంగి లోపలికి చూశాడు.

“మీ నంబరు చూసే వచ్చేనండీ. పెద్దమ్మగారు రాలేదాండీ?”

చెప్పాలనే నోరు తెరిచాను.

“ఈసారి రాలేదండీ.”

“ఆయ్. ఒంట్లో నలతగా ఉందేమోలెండి. వచ్చే ఏడు వస్తారు, నేనిక్కడే ఉంటానండీ.”

తలుపు అతనే వేశాడు. నేను కొత్తపేట వచ్చేశాను. ముమ్మిడివరం దాటాక ఎక్కడో కళ్ళు తుడుచుకున్న గుర్తుంది, ఆ తర్వాత మళ్ళీ మామూలే.

ఇప్పుడు అన్నీ సులువయిపోయాయి. పంటు కోసం ఒడ్డున కూర్చునే పని లేదు, గోదావరి దాటినట్టే తెలియదు. పన్నులూ దరఖాస్తులూ ఫోనులోనే అయిపోతున్నాయి. ఇప్పటి పిల్లలు చూడాలనిపిస్తే చూడాలనుందని నేరుగా చెప్పేసుకుంటున్నారు, తెరలో చూసేసుకుంటున్నారు కూడా, అది మంచిదే. మన తరానికే ఓ మనిషి గుమ్మం తొక్కడానికి పంపు రిపేరో, పసుపు కొమ్ములో, బండి పన్నో అడ్డం పెట్టుకోవలసి వచ్చేది. ఆ సాకులు ఒక్కొక్కటీ పోతున్నకొద్దీ వెళ్ళే ఇళ్ళు కూడా పోయాయి.

కొత్త నంబరుతో నిన్న రాజమండ్రి వెళ్ళాం. జొన్నాడలో తనిఖీ ఉంది. నేను అలవాటుగా వేగం తగ్గించి అద్దం దింపాను. అక్కడున్నాయన నంబరు చూసి, వెళ్ళమని చెయ్యి ఊపాడు. ఇన్నేళ్ళూ ఆపినప్పుడల్లా విసుక్కున్నవాణ్ణి, ఆపకపోయేసరికి అద్దం ఎత్తడం మరిచిపోయి చాలా దూరం అలాగే పోయాను.

మళ్ళీ దసరాలు వెళ్ళాక ఎదుర్లంకలో ఆ ఆటో అతను వంతెన దిగే బండ్ల నంబర్లు చూస్తూ ఉంటాడు. నేనే వెళ్ళి అతని పక్కన ఆగినా, నంబరు చూసి, మేం కాదనుకుంటాడు.